ఎవరూ తొంగిచూడని గదికి సామాను ఎందుకు? లెగో భవనాల ఇంటీరియర్‌పై చర్చ

పలకరాయి (చర్చ ప్రారంభించినవారు)

32×32 స్టడ్ల (ముక్కల మీద ఉండే గుండ్రని బుడిపెల) బేస్‌ప్లేటు, అంటే అడుగు పలక మీద మూడంతస్తుల భవనం ఒకటి సొంతంగా రూపొందిస్తున్నాను. ముఖభాగం దాదాపు పూర్తయింది. కింద గడియారాల దుకాణం, మధ్యలో ఒక కుటుంబం ఉండే ఇల్లు, పైన చిత్రకారుడి గది ఉండాలని ఊహ. లోపలి భాగం మొదలుపెట్టే ముందు నా అభిప్రాయాన్ని వాదానికి పెడుతున్నాను. కిటికీలోంచి చూపు ఎంతవరకు చేరుతుందో అంతవరకే ఇంటీరియర్ కట్టాలి. అంతకు మించి లోపల పెట్టే ప్రతి ముక్కా ముఖభాగానికి దక్కకుండా పోయిన ముక్కే.

లెగో సంస్థ మాడ్యులర్ భవనాల (పక్కపక్కన కలిపి పెట్టుకోగలిగే భవనాల) వరుసను 2007లో కెఫే కార్నర్‌తో మొదలుపెట్టింది. 2056 ముక్కల ఆ భవనంలో అంతస్తులు విడివిడిగా పైకి లేచి వస్తాయి గాని, లోపల గదులూ సామానూ లేవు. అయినా ఆ ముఖభాగాన్ని ఈనాటికీ అభిమానులు మెచ్చుకుంటూనే ఉన్నారు. ఇక ఖర్చు సంగతి చూడండి. నా భవనం 32×24 స్టడ్లు. గోడలు పోగా ఒక్కో అంతస్తులో 30×22, అంటే 660 స్టడ్ల నేల మిగులుతుంది. గడుల నేల 1×1 టైల్స్‌తో (పైన స్టడ్లు లేని నున్నటి పలకలతో) పరిస్తే అంతస్తుకు 660 ముక్కలు, 2×2 టైల్స్‌తో పరిచినా 165 ముక్కలు కావాలి. మూడంతస్తులకు కలిపి లెక్క వేసుకుంటే, కుర్చీ ఒక్కటి కూడా పెట్టకముందే, పైకప్పు కింద చూరు అలంకారానికి సరిపోయే ముక్కలు నేల కిందికే పోతాయి.

రెండోఅంతస్తు

పలకరాయి గారూ, ముఖభాగం దాదాపు పూర్తయిందనీ, లోపలి భాగం ఇంకా మొదలుకాలేదనీ మీరే రాశారు. నా అభ్యంతరం ఎన్ని ముక్కలు ఖర్చవుతాయన్నదానిపై కాదు, ఈ వరుసక్రమంపైనే.

కెఫే కార్నర్‌ను ఉదాహరణగా తెచ్చారు గాని, ఆ తరువాతి సంవత్సరమే, అంటే 2008లో వచ్చిన గ్రీన్ గ్రోసర్‌లో మెట్లూ దుకాణపు అరలూ వచ్చాయి. అక్కడి నుంచి ఆ వరుస వెనక్కి చూడలేదు. 2015 నాటి డిటెక్టివ్స్ ఆఫీస్‌లో బిస్కెట్ల దొంగరవాణా కథ ఒకటి ఉంది. దాని ఆనవాళ్లు గది నుంచి గదికి వెతుక్కుంటూ వెళ్లాల్సిందే తప్ప వీధిలో నిలబడి చూస్తే అర్థమయ్యేది కాదు. అంతస్తు పైకి లేచి వచ్చే నిర్మాణం ఎంచుకున్న క్షణానే, పైకెత్తి చూసేవారికి లోపల ఏదో ఉందని మాట ఇచ్చినట్టు లెక్క. ఆ మాట నిలబెట్టుకునే ఉద్దేశం లేకపోతే అంతస్తులను విడదీయలేని విధంగా బిగించి కట్టండి; దానిలో తప్పేమీ లేదు, పైగా భవనం గట్టిగానూ ఉంటుంది.

లోపల ఏముందో నిర్ణయించుకోకుండా కిటికీలు ఎక్కడ పెట్టాలో ఎలా తెలుస్తుంది? స్నానాల గదికి కిటికీ చిన్నదిగా, ఎత్తులో ఉంటుంది. మెట్ల మలుపు దగ్గరి కిటికీ రెండు అంతస్తుల మధ్య ఎత్తులో పడుతుంది. పొగగొట్టం కింద పొయ్యి ఉంటుంది. ఇవన్నీ బయటి గోడమీద కనిపించేవే అయినా, పుట్టేది మాత్రం లోపలే. గదులు లేకుండా గీసిన ముఖభాగాల్లో అన్ని కిటికీలూ ఒకే కొలతలో, ఒకే వరుసలో ఉండడం తరచుగా చూస్తుంటాం. అవి అందంగా లేవని అనను గాని, వాటి వెనుక ఎవరో నివసిస్తున్నారన్న నమ్మకం నాకు కలగదు.

పలకరాయి

నిజమైన కట్టడాల్లోనూ సౌష్ఠవం కోసం ముఖభాగాన్ని ముందు గీసి, గదులను దాని వెనుక సర్దిన సందర్భాలు కోకొల్లలు. వెనుక గది లేకపోయినా వరుస చెడకూడదని గోడమీద ఉత్తుత్తి కిటికీ చెక్కిన భవనాలు కూడా ఉన్నాయి. వాస్తుశిల్పులకు చెల్లిన స్వేచ్ఛ ఇటుక బొమ్మలు కట్టేవారికి ఎందుకు చెల్లదు? మాట ఇచ్చినట్టు లెక్క అన్నది కూడా నేను ఒప్పుకోను. అంతస్తు లేచి రావడం నాకు రవాణాకు పనికొస్తుంది, దుమ్ము దులపడానికి పనికొస్తుంది.

మెట్లదారి

ఇద్దరి వాదనలూ చదివాను. మెట్ల ప్రస్తావన ఒక వాక్యంలో వచ్చి పోయింది గాని, ఈ తగవును తీర్చగలిగేది మెట్లే అని నా అభిప్రాయం. కాబట్టి లెక్కలతో సహా రాస్తున్నాను. కొంచెం ఓపిక పట్టండి.

ఒక స్టడ్ నుంచి పక్క స్టడ్‌కు దూరం 8 మి.మీ., ఇటుక ఎత్తు 9.6 మి.మీ., ఇటుకలో మూడో వంతు మందం ఉండే ప్లేటు ఎత్తు 3.2 మి.మీ. అంతస్తు ఎత్తు తొమ్మిది ఇటుకలు, పైన నేలగా ఒక ప్లేటు అనుకుందాం. మొత్తం 28 ప్లేట్లు, అంటే 89.6 మి.మీ. ఒక స్టడ్‌కు ఒక ఇటుక చొప్పున ఎక్కే మెట్లు కడితే పది స్టడ్ల పొడవులో పని ముగుస్తుంది గాని, వాటి వాలు సుమారు 50 డిగ్రీలు ఉంటుంది. అది మెట్లదారి కాదు, నిచ్చెన. చూడగానే కంటికి తేడా తెలుస్తుంది. ఒక స్టడ్‌కు రెండు ప్లేట్ల చొప్పున ఎక్కితే వాలు 39 డిగ్రీలకు దిగుతుంది, ఇంట్లో మెట్ల పోలిక వస్తుంది. కానీ అప్పుడు పద్నాలుగు మెట్లు, పద్నాలుగు స్టడ్ల పొడవు కావాలి. 30 స్టడ్ల గదిలో దాదాపు సగం పొడవు అది.

అంతటితో అయిపోలేదు. మినీఫిగర్ (లెగో మనిషి బొమ్మ) ఎత్తు సుమారు 4 సెం.మీ.; జుట్టో టోపీయో పెడితే ఇంకొంచెం పెరుగుతుంది. పై నేల అడుగుభాగం 86.4 మి.మీ. ఎత్తులో ఉంటుంది. ఏడో మెట్టు ఎత్తు 44.8 మి.మీ. ఆ మెట్టు మీద నిలబడిన మనిషికి పైన మిగిలేది 41.6 మి.మీ. మాత్రమే, కాబట్టి టోపీ తగులుతుంది. అంటే ఏడో మెట్టు నుంచి చివరి మెట్టు వరకు, ఎనిమిది స్టడ్ల పొడవునా పై నేలలో రంధ్రం వదలాలి. ఆ రంధ్రం మీద పై అంతస్తులో మంచమూ పడదు, గోడా నిలవదు. మూడో అంతస్తుకు వెళ్లే మెట్లు దాని పక్కనో పైనో రావాలి. ఇలా ఒక మెట్లదారి రెండు అంతస్తుల గదుల పటాన్ని నిర్ణయిస్తుంది. గదుల పటం తలుపులనూ కిటికీలనూ నిర్ణయిస్తుంది. మధ్యలో మలుపు పెడితే పొడవు ఏడు స్టడ్లకు, దానికి తోడు మలుపు దగ్గరి అరుగుకు తగ్గుతుంది గాని, వెడల్పు రెట్టింపవుతుంది.

అందుచేత ముఖభాగం పూర్తిచేసి తరువాత మెట్లు ఇరికించాలనుకున్నవారికి సాధారణంగా మెట్లు కిటికీకి అడ్డంగానే వచ్చి పడతాయి. బయటి నుంచి చూస్తే అద్దం వెనుక మెట్ల వెన్ను కనిపిస్తుంది. పలకరాయి గారు కోరుకుంటున్న "కిటికీలోంచి కనిపించినంత వరకే" అన్న సూత్రాన్ని పాటించినా సరే, మెట్లు ఎక్కడున్నాయో ముందే తేల్చుకోక తప్పదు. సామాను పెట్టాలా వద్దా అన్నది మాత్రం ఆ తరువాత తీరిగ్గా తేల్చుకోవచ్చు.

పలకరాయి

ఈ లెక్క కాదనలేను. అయితే లిఫ్టు పెడితే? 2012 నాటి టౌన్ హాల్‌లో లిఫ్టు ఉంది కదా.

మెట్లదారి

ఉంది. 4×4 స్టడ్ల గొయ్యి మూడంతస్తులకూ ఒకే నిలువులో వదలగలిగితే మీ చిక్కు తీరుతుంది. కాకపోతే గడియారాల దుకాణం మీద ఒక చిన్న కుటుంబం ఉండే ఇంటికి లిఫ్టు నప్పుతుందా అన్నది మీరే చూసుకోవాలి. నప్పదనే నేను అనుకుంటాను.

ప్రదర్శనబల్ల

ప్రదర్శనల్లో బల్లమీద పెట్టే భవనాల సంగతి వేరు. సందర్శకులు తాడు అవతల నిలబడతారు; అంతస్తు ఎత్తి చూపించే అవకాశం ఉండదు. అక్కడ పలకరాయి గారి సూత్రమే నడుస్తుంది, అయితే కొన్ని మెలకువలతో.

కిటికీ వెనుక ఎంత లోతు కట్టాలన్నది వెలుతురును బట్టి ఉంటుంది. లోపల దీపం లేకపోతే అద్దం వెనుక నాలుగైదు స్టడ్లు దాటాక అంతా చీకటే. అక్కడ ఎంత చక్కని బీరువా కట్టినా వృథా. చిన్న ఎల్‌ఈడీ దీపం పైకప్పు కింద అమర్చి, వెనుక గోడను తెలుపులోనో లేత గోధుమరంగులోనో కడితే వెలుతురు తిరిగి వచ్చి, ఎనిమిది పది స్టడ్ల లోతు వరకు గది కనిపిస్తుంది. వెనుక గోడ దగ్గరి సామానును ముందరి సామాను కంటే చిన్న కొలతలో కడితే, ఎనిమిది స్టడ్ల గది పన్నెండు స్టడ్ల గదిలా భ్రమ కలిగిస్తుంది. ఈ కనికట్టు వీధి వైపు నుంచి చూస్తేనే పనిచేస్తుంది. పైనుంచి చూస్తే వెనుక కుర్చీలు మరుగుజ్జు కుర్చీల్లా ఉండి నవ్వు తెప్పిస్తాయి. కాబట్టి మీ భవనాన్ని ఎవరు ఏ వైపు నుంచి చూస్తారో ముందు తేల్చుకోండి. రెండు వైపుల నుంచీ మెప్పించే గది కట్టడం చాలా కష్టం.

ఒక్క విషయంలో మాత్రం ఖాళీ భవనాలను నేను సమర్థించలేను. ఒక స్టడ్ మందం గోడ ముప్పై స్టడ్ల పొడవున లోపల ఏ ఆసరా లేకుండా నిలబడితే, పై అంతస్తు తీసి పెట్టిన ప్రతిసారీ బయటికి వంగుతుంది. అడ్డుగోడ ఒకటో రెండో లోపలి నుంచి పట్టుకుంటే ఆ బెడద ఉండదు. గదులు కనిపించకపోయినా గది గోడలకు పని ఉంది.

తెరమీదఇటుక

నేను ముందు కంప్యూటర్‌లో, బ్రిక్‌లింక్ స్టూడియోలో పూర్తిగా గీసుకుని తరువాతే ముక్కలు తెప్పించుకుంటాను. ఫలానా ముక్క ఆ రంగులో దొరకదని ఆ సాఫ్ట్‌వేర్ హెచ్చరిస్తుంది, ఒక ముక్కలోకి ఇంకో ముక్క చొచ్చుకుపోతే పట్టిచ్చేస్తుంది. అయితే గోడలు లేచాక ఆ సందులో వేలు దూరుతుందో లేదో అది చెప్పదు. 6×6 స్టడ్ల స్నానాల గది అంటే 48 మి.మీ. చదరం, చుట్టూ గోడలు 86 మి.మీ. లేచాక అది గది కాదు, బావి. అందులోకి కుళాయి దించడం ఎవరి తరమూ కాదు.

కాబట్టి సామానును విడిగా ఒక ప్లేటు మీద కట్టి, గది నేలలో టైల్స్ మధ్య రెండు జంపర్ ప్లేట్లు (మధ్యలో ఒక్క స్టడ్ మాత్రమే ఉండే ప్లేట్లు) మాత్రమే వదిలి, వాటి మీద కూర్చోబెట్టండి. పట్టు తక్కువగా ఉంటుంది కాబట్టి పైకి లాగితే మొత్తం సామాను సెట్టుగా లేచి వస్తుంది. జంపర్ ప్లేటుతో సగం స్టడ్ జరుపుకునే వీలు కూడా ఉంది. మంచాన్ని గది మధ్యకు తేవడానికి ఇది చాలా అవసరం. ఈ పద్ధతిలో పలకరాయి గారి ఖర్చు వాదన కూడా కొంత మెత్తబడుతుంది, ఎందుకంటే ఇవాళ ఖాళీగా వదిలిన గదిలో రేపు సామాను దించుకోవచ్చు. నేల మొత్తం 1×1 టైల్స్‌తో పరచవలసిన పని కూడా లేదు. మంచం కింద, బీరువా కింద ఎలాగూ కనిపించదు.

లోపలి అడ్డుగోడలను ఇటుకలతో కట్టకండి. మనిషి ఎత్తును బట్టి చూస్తే ఈ బొమ్మల కొలత సుమారు 1:42, 8 మి.మీ. గోడ అంటే నిజమైన కొలతలో 33 సెం.మీ. మందం. పడకగదికీ వంటగదికీ మధ్య అది కోటగోడే. పలుచని ప్యానెల్ ముక్కలు వాడినా, ప్లేట్లను పక్కకు తిప్పి 3.2 మి.మీ. గోడ కట్టినా గదికి సగం స్టడ్ పైగా కలిసివస్తుంది. ఐదు ప్లేట్ల ఎత్తు సరిగ్గా రెండు స్టడ్ల పొడవుకు సమానం, రెండూ 16 మి.మీ., కాబట్టి పక్కకు తిప్పిన గోడ తిరిగి స్టడ్ల వరుసలో అతుకుతుంది. ప్రదర్శనబల్ల గారు చెప్పిన ఆసరా గోడ ఒక్కటి మాత్రం ఇటుకలతో ఉంచుకుని, మిగిలినవి పలుచన చేయండి.

ఇంకొక్క మాట. మినీఫిగర్ కాళ్లు మోకాలి దగ్గర వంగవు. కూర్చోబెడితే కాళ్లు తిన్నగా ముందుకు చాస్తుంది. అందువల్ల బల్లను అందమైన ఎత్తులో కట్టేశాక, కుర్చీ దాని దగ్గరకు జరగదు. భోజనాల గది గీసేటప్పుడు ఒక బొమ్మను కూర్చోబెట్టి చూడకుండా కొలతలు ఖాయం చేయకండి.

రెండోఅంతస్తు

సామాను తరువాత దించుకోవచ్చన్న సూచన బాగుంది, కానీ అది సోమరితనానికి సాకు కాకూడదు. "తరువాత" అని వదిలిన గదులు నిండగా నేను చూసినవి తక్కువ. పలకరాయి గారికి నా ప్రశ్న ఒక్కటే: చిత్రకారుడి గదికి కిటికీ ఏ దిక్కున ఉంది, అతని ఈజిల్ (బొమ్మ వేసే పలకను నిలబెట్టే చట్రం) ఎక్కడుంది? ఈ రెండింటికీ సంబంధం లేకపోతే ఆ గదిని "చిత్రకారుడి గది" అనకండి, మూడో అంతస్తు అనండి చాలు.

పలకరాయి

కిటికీ వీధి వైపు, వెడల్పుగా, వాలు కప్పులో ఉంది. ఈజిల్ గురించి ఆలోచించలేదు, ఆలోచించే ఉద్దేశం కూడా లేకపోయింది. మెట్లదారి గారి లెక్క ప్రకారం చూస్తే, మలుపు మెట్లు వెనుక గోడకు ఆనించి పెట్టగలను; అప్పుడు ముందరి కిటికీలు ఏవీ మూసుకుపోవు, ఒక్క వెనుక కిటికీని మాత్రం రెండు అంతస్తుల మధ్య ఎత్తుకు జరపాలి. దానికి వెనుక గోడ విప్పుతాను. గడియారాల దుకాణం పూర్తిగా కడతాను, ఎందుకంటే దాని అద్దాలు నేల నుంచి ఉన్నాయి, దాచేది ఏమీ లేదు. మధ్య అంతస్తులో కిటికీల వెనుక ఎనిమిది స్టడ్ల లోతు వరకే సామాను ఉంటుంది; వెనుక పడకగదికి పలుచని గోడలూ, నేలలో జంపర్ ప్లేట్లూ మాత్రం వదులుతాను. అంతకు మించి కట్టాలన్న వాదనకు నేను ఇంకా లొంగలేదు.

రెండోఅంతస్తు

వెనుక గోడ విప్పుతున్నారంటే నేను అడిగిన దానిలో సగం ఇచ్చినట్టే. మిగిలిన సగానికి, ఆ పడకగది తలుపు ఏ వైపు తెరుచుకుంటుందో మాత్రం ఇప్పుడే చూసుకోండి. మెట్ల పై అరుగు మీదికి తెరుచుకునే తలుపు అయితే, మీ జంపర్ ప్లేట్లు ఎక్కడ వదిలినా మంచం లోపలికి పట్టదు.