మంచుకు వంద మాటలట, లెక్క ఎవరు పెట్టారండీ?

ఎస్కిమోల భాషలో మంచుకు వంద పేర్లున్నాయని మళ్ళీ ఒక పోస్టు తిరుగుతోంది. కొందరు యాభై అంటారు, కొందరు నాలుగొందలు, చెప్పేవాళ్ళ ఓపికను బట్టి. 1911లో ఫ్రాంజ్ బోయస్ అనే మానవశాస్త్రవేత్త ఉదాహరణకి చూపించినవి నాలుగే: నేల మీద పడి ఉన్నది అపుట్, ఇంకా పడుతున్నది కన, గాలికి కొట్టుకుపోయేది పిక్సిర్పోక్, గాలి కుప్పపోసింది కిముక్సుక్.

అసలు ఆ భాషల్లో మాటలు లెక్కపెట్టడమే అర్థం లేని పని. ఎస్కిమోలని పిలిచేవాళ్ళలో ఒకరైన కెనడా ఇన్యూట్ల ఇనుక్టిటుట్ భాషలో తుసా అంటే వినడం. దాని వెనకే ‘బాగా’, ‘గలగడం’, ‘కాదు’, ‘చాలా’, ‘నేను’ అన్నీ తగిలించుకుంటూ పోతే తుసాత్సియరున్నఙ్ఙిత్తువలూయుఙ అవుతుంది (మన ఙ కి ఇన్నాళ్ళకి పని దొరికింది). నాకు సరిగ్గా వినపడదు అని, అంతా ఒక్క మాటే. మన ‘వినలేకపోతున్నాను’ కూడా ఇదే పద్ధతి కదా, కాకపోతే వాళ్ళు చాలా దూరం వెళ్తారు. ఇలా అయితే మంచుకే కాదు, చేపకైనా చెప్పుకైనా వందేమిటి, ఎన్నైనా పుడతాయి.

— మరి ఇగ్లూ అంటే మంచు ఇల్లే కదండీ? చిన్నప్పుడు అలాగే చదువుకున్నాం.

ఇల్లు, అంతేనండీ. ఇగ్లు అంటే చెక్కతో కట్టినా ఇగ్లునే. మంచుదిమ్మలతో కట్టినదానికి మాత్రమే ఆ పేరని ఇంగ్లీషులోకి వెళ్ళాక స్థిరపడింది. కయాక్ (చిన్న పడవ), అనోరాక్ (టోపీ ఉన్న చలికోటు) కూడా అటునుంచి వచ్చినవే.

— ఇన్యూట్ అంటే?

మనుషులు. ఒక్కరైతే ఇనుక్, ఇద్దరైతే ఇనూక్, ముగ్గురూ ఆపైనా ఇనుఇట్. సంస్కృతంలో రామః, రామౌ, రామాః అని ద్వివచనంతో కుస్తీ పట్టినవాళ్ళకి ఇది వెంటనే ఎక్కుతుంది. అందుకే ‘ఇన్యూట్లు’ అని నేను పైన రాసింది బహువచనం మీద బహువచనం, తెలుగులో తప్పదు. ఎస్కిమో అన్నది బయటివాళ్ళు పెట్టిన పేరు, చాలామంది ఇన్యూట్లకి నచ్చదు.

నాకు బాగా నచ్చింది మాత్రం కంప్యూటర్‌కి వాళ్ళు పెట్టుకున్న పేరు, కరసాఉయక్. కరసక్ అంటే మెదడు, ఉయక్ అంటే ‘లాంటిది’. మనం ‘సంగణకం’ అని పెట్టి, దాన్ని ఎవరూ వాడకుండా జాగ్రత్తగా దాచుకున్నాం.