ఆదోని మండీ లెక్కలు కర్నూలు ఇంటి నుంచి చూడాలి: ల్యాప్‌టాప్‌కు విండోస్ హోమ్ సరిపోతుందా, ప్రో కావాలా?

ఆదోని పద్దులు (ప్రశ్న)

అందరికీ నమస్తే. ఆదోనిలో ఒక పత్తి మండీలో పదకొండేళ్లుగా లెక్కలు రాస్తున్నాను. ఈ జూన్‌లో పాప చదువు కోసం కర్నూలుకు ఇల్లు మారాం. అప్పటినుంచి వారానికి మూడు రోజులు ఎమ్మిగనూరు మీదుగా బస్సులో పోయి వస్తున్నా. పోను రాను ఐదారు గంటలు బస్సులోనే అయిపోతాయి. ఇప్పుడు పత్తి సీజన్. నేను ఇల్లు చేరేసరికి పాప నిద్రపోయి ఉంటోంది.

మా షావుకారు మంచి మనిషి. "ఇంటి నుంచే చూసుకో అమ్మా, ల్యాప్‌టాప్ నేను కొనిస్తా" అన్నారు. నిన్న కర్నూలులో ఒక షాపుకు పోయి చూశాను. మోడల్ ఒకటే, 16 జీబీ ర్యామ్, 512 జీబీ ఎస్ఎస్‌డీ. ఒకదాంట్లో విండోస్ 11 హోమ్ సింగిల్ లాంగ్వేజ్ ఉంది, ఇంకోదాంట్లో విండోస్ 11 ప్రో. తేడా తొమ్మిది వేలు. "ఆఫీసు పనికి హోమ్ పనికిరాదు మేడమ్, టాలీ సరిగ్గా నడవదు" అని షాపతను గట్టిగా చెప్పాడు. టాలీ అంటే నేను లెక్కలు రాసే సాఫ్ట్‌వేర్. డబ్బు నాది కాదు కాబట్టే నాకు ఎక్కువ భయం. అక్కరలేనిదానికి ఆయన చేత తొమ్మిది వేలు పెట్టించలేను. తక్కువది కొని రేపు పని ఆగిపోతే ఆయనకు ముఖం చూపించలేను.

నా పని ఇది: టాలీలో ఎంట్రీలు, రైతుల తక్‌పట్టీలు (తూకం, ధర రాసి రైతుకు ఇచ్చే చీటీలు) సరిచూడటం, రైతు దగ్గర కొన్న పత్తికి రివర్స్ చార్జ్ (అమ్మినవాళ్లు కాక కొన్నవాళ్లే కట్టే జీఎస్టీ) లెక్క, నెలనెలా 11కు జీఎస్టీఆర్-1, 20కి 3బి రిటర్నులు. టాలీ డేటా మొత్తం మండీలో ఉన్న కంప్యూటర్‌లోనే ఉంది. ఇంకొక సందేహం. సింగిల్ లాంగ్వేజ్ అంటే తెలుగు టైప్ చేయడానికి కుదరదా? రైతుల పేర్లు తెలుగులో రాసుకునే షీటు ఒకటి ఉంది నాకు.

అనంతపురం బీటెక్

అక్కా, ప్రోనే తీసుకో. నా ల్యాప్‌టాప్ హోమ్‌తో వచ్చింది. మూడో సంవత్సరంలో ల్యాబ్ పనికి హైపర్-వి కావాల్సి వచ్చింది. హోమ్‌లో అది లేదు. శాండ్‌బాక్స్ కూడా లేదు, గ్రూప్ పాలసీ ఎడిటర్ కూడా లేదు. చివరికి మళ్లీ డబ్బు కట్టి అప్‌గ్రేడ్ చేసుకున్నా. ముందే ఉంటే టెన్షన్ ఉండదు.

కడప సర్వీసు

తమ్ముడు చెప్పింది తన పనికి నిజం. హైపర్-వితో ఒక కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటర్ నడిపి నేర్చుకునేవాళ్లకు ప్రో కావాలి. అక్క పని అది కాదు.

కడపలో 2004 నుంచి కంప్యూటర్ సర్వీసు చేస్తున్నాను. సంచిలో ఎక్స్‌పీ హోమ్ సీడీ ఒకటి, ఎక్స్‌పీ ప్రొఫెషనల్ సీడీ ఒకటి పెట్టుకుని తిరిగిన రోజుల నుంచి ఈ ప్రశ్న వింటున్నా. ముందు షాపతను చెప్పిన మాట సంగతి. టాలీ హోమ్‌లో ఎట్లా నడుస్తుందో ప్రోలో కూడా అట్లే నడుస్తుంది. వేగంలో తేడా లేదు. సెక్యూరిటీ అప్‌డేట్లు రెండింటికీ వస్తాయి, వైరస్‌లను ఆపే డిఫెండర్ రెండింట్లోనూ ఉంటుంది. హోమ్ 128 జీబీ ర్యామ్ వరకే తీసుకుంటుంది, ప్రో 2 టీబీ వరకు తీసుకుంటుంది. నీ ల్యాప్‌టాప్‌లో ఉండేది 16. ప్రింటర్ షేరింగ్, ఫోల్డర్ షేరింగ్ హోమ్‌లోనూ కుదురుతాయి. కంపెనీలో యాభై కంప్యూటర్లను ఒక సర్వర్ కింద పెట్టి నడపాలంటే దాన్ని డొమైన్‌లో చేర్చడం అంటారు. అది ప్రోలోనే కుదురుతుంది. మండీకి దాని అవసరం లేదు.

సింగిల్ లాంగ్వేజ్ గురించి భయం వద్దు. మెనూలు, సెట్టింగులు కనిపించే భాషను మార్చుకోలేవు, అంతే. తెలుగు కీబోర్డు పెట్టుకోవచ్చు. సెట్టింగ్స్‌లో టైమ్ అండ్ లాంగ్వేజ్‌కు పోయి తెలుగు చేర్చుకుంటే ఇన్‌స్క్రిప్ట్ అయినా, ఫొనెటిక్ అయినా వస్తుంది.

ఇంక అసలు విషయం. మండీ కంప్యూటర్‌లో ఉన్న టాలీని ఇంట్లో కూర్చుని తెరవాలన్నది నీ అవసరం. దానికి విండోస్‌లోనే రిమోట్ డెస్క్‌టాప్ ఉంది. షాపుల్లో ఎవరూ చెప్పని మాట ఒకటి చెబుతా విను. బయటి నుంచి తనలోకి రానిచ్చే కంప్యూటర్‌కు ప్రో ఉండాలి. పోయి తెరిచే కంప్యూటర్‌కు హోమ్ చాలు. అంటే ప్రో కావాల్సింది నువ్వు కొనే ల్యాప్‌టాప్‌కు కాదు, ఆదోనిలో ఉన్న పాతదానికి. ల్యాప్‌టాప్‌లో ప్రో కొని, మండీలో హోమ్ అట్లే పెట్టుకుంటే తొమ్మిది వేలు పోయి కూడా నీ పని కాదు.

ఎన్‌క్రిప్షన్ (డిస్కులోని డేటాకు తాళం వేయడం) గురించి కూడా చెప్పాలి, దాని వల్ల ఒక కుటుంబం ఏడవడం నా కళ్లతో చూశా. ప్రోలో బిట్‌లాకర్ పూర్తిగా మన చేతిలో ఉంటుంది. హోమ్‌లో డివైస్ ఎన్‌క్రిప్షన్ అని ఉంటుంది. కొత్త ల్యాప్‌టాప్‌లలో మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ కాగానే చాలావరకు అదే ఆన్ అవుతుంది. పోయిన ఏడాది ప్రొద్దుటూరు నుంచి ఒక బట్టల షాపు వాళ్లు ల్యాప్‌టాప్ తెచ్చారు. బోర్డు పోయింది. మార్చి ఆన్ చేస్తే 48 అంకెల రికవరీ కీ అడిగింది. కొన్న రోజు మొదటి లాగిన్ చేసిన కుర్రాడు తన సొంత మెయిల్‌తో చేశాడంట, కీ ఆ అకౌంట్‌లోనే ఉండిపోయింది. ఆ కుర్రాడు పని మానేసి వెళ్లిపోయాడు, ఆ మెయిల్ పాస్‌వర్డ్ అతనికే గుర్తు లేదు. ఆరేళ్ల లెక్కలు ఎదురుగా ఉన్నాయి, తెరవలేకపోయా. వాళ్లకు వేరే బ్యాకప్ లేదు. ఆ రోజు నాకు అన్నం సయించలేదు. కాబట్టి అక్కా, మొదటి లాగిన్ నువ్వే చెయ్యి, నీ మెయిల్‌తో చెయ్యి. ఆ కీని కాగితం మీద రాసి బీరువాలో పెట్టు.

మండీ కంప్యూటర్ ఏదో, దాంట్లో ఏ విండోస్ ఉందో చెప్పు. విండోస్ బటన్, ఆర్ కలిపి నొక్కి విన్‌వర్ అని ఇంగ్లీషులో కొడితే చూపిస్తుంది. పగలు ఆ కంప్యూటర్ మీద ఎవరు కూర్చుంటారో కూడా చెప్పు.

ఆదోని పద్దులు

అన్నా, చాలా థాంక్స్. రాత్రి గుమాస్తాకు ఫోన్ చేసి కనుక్కున్నా. 2020లో కొన్నది, ఐ3 పదో తరం, 8 జీబీ ర్యామ్, విండోస్ 10 హోమ్. పాస్‌వర్డ్ లేదు, ఆన్ చేయగానే తెరుచుకుంటుంది. పొద్దున నుంచి వేలం అయ్యేంతవరకు, ఆ తర్వాత కాటాలు అయ్యేంతవరకు గుమాస్తా దాని మీదే తక్‌పట్టీలు కొడతాడు. సాయంత్రం ఏడు తర్వాత ఎవరూ ఉండరు. నేను పనిచేయాల్సింది కూడా పాపకు అన్నం పెట్టాక, ఎనిమిది నుంచి పదిన్నర వరకు. మండీలో కరెంటు అప్పుడప్పుడు పోతుంది, యూపీఎస్ పావుగంట నడిపిస్తుంది. నేను లోపలికి వచ్చినప్పుడు గుమాస్తాకు ఏమైనా ఇబ్బందా?

కడప సర్వీసు

మంచి ప్రశ్న అడిగావు. ఇబ్బంది ఉంది. ప్రోలో ఒకసారికి ఒక్కరే పనిచేయగలరు. నువ్వు లోపలికి రాగానే అక్కడి స్క్రీన్ లాక్ అవుతుంది. రైతు ఎదురుగా నిలబడి ఉండగా తక్‌పట్టీ ఆగిపోతే మండీలో గొడవ అవుతుంది. ఏడు తర్వాతే నీ పని కాబట్టి నీకు కుదురుతుంది. పగలు అత్యవసరం అయితే ముందు ఫోన్ చేసి చెప్పి రా. పగలు కూడా ఇద్దరూ కలిసి చేయాల్సిన రోజు వస్తే టాలీలోనే రిమోట్ లాగిన్ ఉంది. టాలీ వాళ్ల టీఎస్ఎస్ చందా నడుస్తుంటే దాన్ని వాడుకోవచ్చు. దానికి ఏ కంప్యూటర్‌లోనూ ప్రో అక్కరలేదు.

విండోస్ 10కి సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. డబ్బు లెక్కలు ఉన్న కంప్యూటర్‌ను ఇంటర్నెట్‌లో అట్లే నడపొద్దు. మీది పదో తరం, విండోస్ 11కు ఎనిమిదో తరం నుంచి సరిపోతుంది. టీపీఎం అనే సెక్యూరిటీ చిప్ బయోస్‌లో (విండోస్ కంటే ముందు తెరుచుకునే సెట్టింగుల్లో) ఆఫ్‌లో ఉంటే ఆన్ చేయించు. ముందు 11 హోమ్‌కు ఉచితంగా మారు. తర్వాత సెట్టింగ్స్‌లో సిస్టమ్, యాక్టివేషన్‌కు పోయి అక్కడి స్టోర్ నుంచే ప్రో కొను. ఫైళ్లు, టాలీ అట్లే ఉంటాయి. నెట్‌లో నాలుగైదు వందలకు ప్రో కీలు అమ్ముతుంటారు, వాటి జోలికి పోవద్దు. కొన్ని నెలలు పనిచేసి ఆగిపోయినవి నా దగ్గరికి చాలా వచ్చాయి.

ఇవన్నీ చేయకముందే టాలీ బ్యాకప్ రెండు చోట్ల పెట్టు. ఒకటి పెన్‌డ్రైవ్‌లో తీసి షావుకారు చేతికివ్వు. రెండోది నువ్వు తెచ్చుకో.

ఆ కంప్యూటర్‌కు పాస్‌వర్డ్ తప్పనిసరి. పాస్‌వర్డ్ లేని అకౌంట్‌లోకి రిమోట్ డెస్క్‌టాప్ రానివ్వదు. పిన్ కూడా పనిచేయదు, అసలు పాస్‌వర్డే కావాలి. స్లీప్ ఆఫ్ చేయించు, లేకపోతే ఎనిమిదింటికి అది నిద్రపోయి ఉంటుంది. కరెంటు పోయి వచ్చాక తనంతట తానే ఆన్ అయ్యేటట్టు బయోస్‌లో ఒక సెట్టింగ్ ఉంటుంది, అది కూడా పెట్టించు. లేకపోతే కరెంటు పోయిన ప్రతి రాత్రీ వాచ్‌మన్‌ను లేపాలి.

దీన్ని మాత్రం మర్చిపోవద్దు. ఎవరైనా వచ్చి "రూటర్‌లో 3389 పోర్టు తెరుస్తా, ఈజీగా అయిపోతుంది" అంటే వద్దను. అది రిమోట్ డెస్క్‌టాప్ వాడే దారి. ఆ పోర్టు తెరిచి ఉన్న కంప్యూటర్ల కోసం రాత్రింబవళ్లు వెతికేవాళ్లు ఉన్నారు. దూరి, ఫైళ్లన్నీ తాళం వేసి డబ్బు అడుగుతారు. టెయిల్‌స్కేల్ లాంటి వీపీఎన్‌ను (రెండు కంప్యూటర్ల మధ్య బయటివాళ్లకు కనపడని దారి) మండీలోనూ, నీ ల్యాప్‌టాప్‌లోనూ వేసుకో. రూటర్‌ను ముట్టుకోవాల్సిన పని ఉండదు. ఇంకో మేలు కూడా ఉంది. డేటా అంతా ఆదోనిలోనే ఉంటుంది కాబట్టి నీ ల్యాప్‌టాప్ బస్సులో పోయినా రైతుల లెక్కలు పోవు.

అనంతపురం బీటెక్

అన్నా, ప్రో ఎదుటి కంప్యూటర్‌కు ఉండాలని నాకు నిజంగా తెలియదు. అక్కా, నా మాట విని కొనేయలేదు కదా?

ఆదోని పద్దులు

లేదు తమ్ముడూ, కొనలేదు. పొద్దున షావుకారుకు అంతా వివరంగా చెప్పా. ల్యాప్‌టాప్ హోమ్‌దే తీసుకుంటున్నాం, ప్రో మండీ కంప్యూటర్‌కు. ఆయన వెంటనే సరే అన్నారు. పెన్‌డ్రైవ్ మాత్రం ఒకటి కాదు, రెండు కొనమన్నారు.

ఆదివారం మండీకి సెలవు, పొద్దున బస్సుకు ఆదోని పోతున్నా. పాపను కూడా తీసుకుపోతా, వాళ్ల అమ్మమ్మ ఇల్లు అక్కడే. అన్నా, ఒక్క మాట. మండీ కంప్యూటర్ కూడా విండోస్ 11కు మారాక రికవరీ కీ అడిగే అవకాశం ఉంటే, అక్కడి మొదటి లాగిన్ నా మెయిల్‌తో చేయాలా, షావుకారు మెయిల్‌తోనా?

కడప సర్వీసు

షావుకారు మెయిల్‌తో చెయ్యి. లెక్కలు ఆయనవి. కీ కాగితం మీద రాసి ఆయన చేతికివ్వు, ఆయన ఎదుటే రెండుసార్లు సరిచూడు. సాయంత్రం ఆదోని వదిలే ముందు ఫోన్ హాట్‌స్పాట్‌తో ల్యాప్‌టాప్ నుంచి ఒకసారి లోపలికి పోయి చూసుకో. రాకపోతే అక్కడే ఉంటావు కాబట్టి సరిచేయొచ్చు. ఎక్కడైనా ఆగితే ఇక్కడ రాయి, ఆదివారం నేను ఇంట్లోనే ఉంటా.