డైవ్ కంప్యూటర్ అలారాలు ఆపేయొచ్చా?

బరంపురం బుల్లోడు:
వచ్చే నెల ఫ్రెండ్స్‌తో అండమాన్ వెళ్తున్నాం. నైట్రాక్స్ (ఆక్సిజన్ ఎక్కువ కలిపిన గాలి) కోర్సు అయిపోయింది, అక్కడ 32 శాతం ఆక్సిజన్ మీద దిగుతాం. కొత్తగా డైవ్ కంప్యూటర్ (నీళ్లలో లోతు, టైమ్ లెక్కేసే మణికట్టు వాచీ లాంటిది) కొన్నా, సిలిండర్ ప్రెజర్ చూపించే ట్రాన్స్‌మిటర్‌తో సహా. మా బ్యాచ్‌లో పెద్దాయన ఒకరు "అలారాలన్నీ ఆపేయ్, కుయ్‌కుయ్‌మంటూ అందరికీ చికాకు" అన్నారు. ఆపేయొచ్చా?

పాతకాపు:
ఆపేయి బాబూ. నీళ్లలో శబ్దం గాలిలో కన్నా నాలుగు రెట్లకు పైగా వేగంగా పోతుంది. రెండు చెవులకీ దాదాపు ఒకేసారి తగులుతుంది, ఎటునుంచి వచ్చిందో పోల్చుకోలేం. ఒకడిది మోగితే గుంపంతా మణికట్టు చూసుకుంటుంది. రెండుసార్లు అలా జరిగాక ఇంకెవడూ చూడడు, తనదే మోగినా సరే. నేను ఎంత లోతులో ఎంతసేపు ఉండొచ్చో టేబుల్స్‌లో చూసుకుని దిగిన కాలం వాణ్ణి. గేజీ మీద కన్నుంటే మోత అక్కర్లేదు.

పర్లా పిల్ల:
చికాకు సంగతి సరే, చేపలు కూడా పారిపోతాయంటారు. మన గోపాల్‌పూర్ నీళ్లలో చెయ్యే కనపడదు, చేపలతో పనేంటో 😀

ఉప్పునీరు:
గురువుగారూ, "అన్నీ ఆపేయి" అని కుర్రాడికి ఎలా చెప్తారండీ? 32కి పీఓటూ, అంటే పీల్చే ఆక్సిజన్ ప్రెజర్, 1.4 హద్దు దాటేది 33 మీటర్ల దగ్గర. అది దాటితే ఫిట్స్ రావచ్చు, ముందస్తు లక్షణాలేవీ లేకుండానే. గాలి పీల్చుకునే రెగ్యులేటర్ నోట్లోంచి జారిందంటే ఇంకేముంది? ఆ అలారం ముట్టుకోకూడదు.

బుల్లోడూ, అంతకన్నా ముందు గ్యాస్ సెట్టింగ్ చూసుకో. సిలిండర్‌లో 32 ఉండి కంప్యూటర్‌లో 21 ఉంటే 33 దగ్గర అది నోరెత్తదు. మామూలు గాలే అనుకుని 56 దాకా పోనిస్తుంది. తిరగేసి, గాలి పీలుస్తూ 32 పెట్టావనుకో, ఒంట్లో చేరే నైట్రోజన్‌ని తక్కువ లెక్కేస్తుంది. టైముందని చూపిస్తుంది, నిజానికి ఉండదు. కొన్ని మోడళ్లు వాటంతట అవే తిరిగి 21కి వచ్చేస్తాయి. అందుకే ప్రతి డైవ్‌కి ముందూ చూడాలి.

పాతకాపు:
నేను మోత గురించి అన్నాను, మీరు గ్యాస్ గురించి క్లాసు పీకుతున్నారు. సిలిండర్‌ని ఎనలైజర్‌తో తనే కొలుచుకుని, టేపు మీద శాతం, లోతు రాసి అంటించుకున్నవాడు 33 దాటడు. సిలిండర్ ప్రెజర్ 50 బార్‌కి పడి మోగేదాకా గాలి చూసుకోనివాడికి అలారం ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే.

ఉప్పునీరు:
50కి ఎవరు పెట్టుకోమన్నారండీ? వెనక్కి తిరగాల్సిన ప్రెజర్‌కి పెట్టుకోవాలి, 100 అనుకోండి.

అసలు విషయం చెప్తా. ఒకచోట గైడ్‌కి, నాకు తప్ప ఎవరికీ కంప్యూటర్ లేదు. నో డెకో టైమ్ (మధ్యలో ఆగకుండా నేరుగా పైకి రాగలిగే టైమ్) అయిపోవస్తోందని నాది మోగింది. పైకి పోదామని బొటనవేలు పైకి చూపించా. ఆయన తన మణికట్టు చూపించి, అరచెయ్యి అడ్డంపెట్టి ఆగమన్నాడు. అంతకుముందు డైవ్‌లో ఆయన లేడు, నేనున్నా, ఆ నైట్రోజన్ ఇంకా నా ఒంట్లో ఉంది. ఆయన లెక్క నాకెలా సరిపోతుంది? పడవెక్కాక అందరి ముందూ "నీ బొమ్మ కట్టేసి రా" అన్నాడు. మీ మాటలు వింటే ఆయనే గుర్తొస్తున్నాడు.

పాతకాపు:
అంటే గైడ్లందరూ దొంగలా? నలుగురు కస్టమర్లుంటారు. ఒకడి వాచీ కూస్తే నలుగురూ పైకి రావాలి. మిగతా ముగ్గురి డబ్బులు ఎవరిస్తారు, మీరా? పొద్దున్నుంచి సిలిండర్లు మోసేది ఆ కుర్రాడు, తిట్లు తినేది ఆ కుర్రాడు.

పర్లా పిల్ల:
తెగేదాకా లాగకండి బాబూ.

ఉప్పునీరు:
ఇప్పటికి బయటపడింది. మీ బాధ మోత కాదు గురువుగారూ. పైకి పోదామని కస్టమర్ చెప్పడమే మీకు గిట్టట్లేదు. ఎవరైనా, ఎప్పుడైనా, కారణం చెప్పకుండా డైవ్ ఆపొచ్చని మొదటి కోర్సులోనే నేర్పుతారు కదా?

పాతకాపు:
నేర్పుతారు, నేనూ నేర్పాను. కానీ మా ఇంట్లో అందరూ గోపాల్‌పూర్ పడవల మీద పెరిగినవాళ్లే. పడవ మీద తండేలు మాట ఒక్కటే. తలో మాటా అయితే పడవ తిరగబడుతుంది. నీళ్ల కింద కూడా అంతే. కంప్యూటర్ కొన్నవాడల్లా తండేలు అయిపోతున్నాడు, అదీ నా కోపం.

పర్లా పిల్ల:
తండేలుకి అలల మీద అందరికన్నా ఎక్కువ తెలుసు, ఒప్పుకుంటా. నా ఒంట్లో నైట్రోజన్ ఎంతుందో ఆయనకెలా తెలుస్తుంది?

పాతకాపు:
నేను చెప్పింది అది కాదమ్మా.

బరంపురం బుల్లోడు:
అందరికీ థ్యాంక్స్. పీఓటూ, నిమిషానికి 9 మీటర్ల కన్నా వేగంగా పైకొస్తే మోగేది, 100 బార్‌ది ఉంచుతున్నా. మామూలు లోతు అలారం, డైవ్ ఎంతసేపైందో చెప్పే అలారం తీసేస్తా. శబ్దం బదులు వైబ్రేషన్ పెడితే మా పెద్దాయన కూడా ఏమీ అనరేమో.

పాతకాపు:
మందం వెట్‌సూట్ మీద కట్టుకుంటే వైబ్రేషన్ తెలిసిచావదు. ముందు స్విమ్మింగ్ పూల్‌లో చూసుకో.

ఉప్పునీరు:
చూశారా, అందుకే శబ్దం ఉంచమనేది!