అప్‌డేట్: చివరికి 512 జీబీ తీసుకున్నాం

పర్లాకిమిడి నుంచి మొన్న అడిగింది నేనే: ఇంటికి కొనే కంప్యూటర్‌లో 256 జీబీ స్టోరేజ్ సరిపోతుందా, 1 టీబీ (1000 జీబీ) పెట్టించాలా అని. "ముందు పాతదాంట్లో ఎంత వాడారో చూడండి" అన్న సలహా బాగా పనికొచ్చింది. సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో స్టోరేజ్ తెరిస్తే మొత్తం 190 జీబీ. నాన్నగారి కొట్టు లెక్కలు, బిల్లులు కలిపినా 1 జీబీ లేవు. చెల్లి పీడీఎఫ్‌లూ అంతంతే. 110 జీబీ పైగా అక్క పెళ్లి వీడియోలే! ఎప్పుడో పండక్కి చూసే వాటికి రోజూ వాడే డ్రైవ్ ఎందుకు? రెండు ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్కుల్లోకి కాపీ చేసి, ఒకటి పాతపట్నంలో పిన్ని వాళ్లింట్లో ఉంచాం. ఒక్క కాపీయే ఉంటే అది బ్యాకప్ కాదు, ఈ మాట గట్టిగా చెబుతాను.

బరంపురంలో 512 జీబీ ఎస్‌ఎస్‌డీ (ఫైళ్లు దాచే వేగమైన డ్రైవ్) ఉన్నది కొన్నాం. ఆన్ చేస్తే 476 జీబీ అని చూపించేసరికి అమ్మకి ఒకటే టెన్షన్, షాపువాళ్లు తక్కువది అంటగట్టారేమోనని. అదేం కాదు. తయారీదారుల లెక్కలో జీబీ అంటే 100 కోట్ల బైట్లు. విండోస్ మాత్రం 1024ని 1024తో, మళ్లీ 1024తో హెచ్చించి, 107 కోట్ల పైచిలుకు బైట్లని ఒక జీబీగా చూపిస్తుంది. డ్రైవ్ అదే, కొలతే వేరు.

256 వద్దనుకున్నది ఎందుకంటే, ఎస్‌ఎస్‌డీ నిండేకొద్దీ నెమ్మదిస్తుంది, విండోస్ అప్‌డేట్లకీ చోటు కావాలి. 1 టీబీకి పెట్టాల్సిన డబ్బు, నడుస్తున్న ప్రోగ్రాములు వాడుకునే 16 జీబీ ర్యామ్‌కి పెట్టాం. మదర్‌బోర్డు మీద ఇంకో ఎం.2 స్లాట్ (ఇంకో ఎస్‌ఎస్‌డీ పెట్టే చోటు) ఖాళీగా ఉంది, అవసరమైతే తర్వాత వేయిస్తాం. కొనేముందు ఆ స్లాట్ సంగతి తప్పకుండా అడగండి.