ఇసుక ఒడ్డున గాలం: ఎండలు ముదిరాక చేప ఎందుకు పడట్లేదు?

కెరటం:
ఇసుక బీచ్ మీద నుంచి గాలం వేస్తుంటాను. పన్నెండు అడుగుల రాడ్, 110 గ్రాముల సీసం, ఎర రొయ్య. చలికాలం మొదట్లో ఇదే చోట వరసగా పడేవి. ఇప్పుడు సముద్రం కదలకుండా ఉంది, నీళ్లు తేటగా ఉన్నాయి, ఎంత దూరం విసిరినా జెల్లలు తప్ప ఏమీ తగలట్లేదు. చోటు మార్చాలా, ఎర మార్చాలా? ఇంకా దూరం పడే పెద్ద రాడ్ కొందామా అని కూడా ఆలోచిస్తున్నా.

ఒడ్డుమనిషి:
రాడ్ జోలికి పోకండి, ముందు ఇసుక చూడండి. అలలు పెద్దగా ఉండే కాలంలో ఒడ్డు కోసుకుపోయి ఆ ఇసుక లోపల తిన్నెగా చేరుతుంది. తిన్నెకీ ఒడ్డుకీ మధ్య కాలువ పడుతుంది. పురుగులు, పీతపిల్లలు కొట్టుకొచ్చి చేరేది అందులోనే, వాటికోసం చేప తిరిగేదీ అందులోనే. సముద్రం నెమ్మదించిన నెలల్లో చిన్న అలలు అదే ఇసుకను కొంచెం కొంచెంగా తెచ్చి ఒడ్డున పోస్తాయి. కాలువ పూడుతుంది, లేదంటే పక్కకు జరుగుతుంది. మీరు చలికాలంలో వేసిన చోట ఇప్పుడు మోకాలి లోతు కూడా లేదేమో.

అమావాస్య, పౌర్ణమి దాటిన ఒకటి రెండు రోజులకు, పాటు వేళ, అంటే నీళ్లు వెనక్కి తగ్గే వేళ, సముద్రం బాగా లోపలికి తీస్తుంది. ఆ రోజు ఉత్త చేతులతో వెళ్లి నడవండి. గుంట ఎక్కడుంది, తిన్నె ఎక్కడ తెగింది చూసుకుని, ఒడ్డున చెట్టో స్తంభమో గుర్తు పెట్టుకోండి. మళ్లీ పోటులో, అంటే నీళ్లు ఎక్కే వేళ చూస్తే అల తిన్నె మీద విరుగుతుంది, తర్వాత చదునవుతుంది, ఒడ్డు దగ్గర ఇంకోసారి విరుగుతుంది. ఆ చదును భాగమే మీ కాలువ. చాలాసార్లు ఇరవై ముప్పై మీటర్లలోనే ఉంటుంది. ఎనభై మీటర్లు విసిరితే చేప నెత్తి మీదుగా సీసం పంపినట్టే.

ఎండాకాలం తేటనీళ్లలో పట్టపగలు కూర్చోవడం నా దృష్టిలో దండగ. తెల్లవారకముందు, లేదా పొద్దుగూకాక వెళ్లండి, అదీ పోటు సగం ఎక్కిన దగ్గర్నుంచి నిండేదాకా. పోటు రోజుకు దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది కాబట్టి ఈ వారం తెల్లవారుజామున పోటు ఉంటే వచ్చే వారం అదే వేళకు పాటు ఉంటుంది. సెలవు చూసుకుని కాదు, పోటు చూసుకుని బయల్దేరాలి. ఇంట్లో ఒప్పుకోరనుకోండి, అది వేరే సంగతి.

ఎర సంగతి. అల వెనక్కి తీసేటప్పుడు తడి ఇసుక మీద 'వి' ఆకారంలో చిన్న గీతలు లేస్తాయి చూడండి. ఇసుకలో పూడుకున్న పీతల మీసాలు నీటిని చీల్చిన గుర్తులవి. అల మళ్లీ వచ్చేలోపు రెండు చేతులూ దూర్చి తవ్వితే బొటనవేలంత పీతలు అరచేతిలో గిలగిలలాడతాయి. తోక వైపు నుంచి గుచ్చి, గాలం మొన బయటికి తేలేలా పెట్టండి. ఆ కాలువలో చేప రోజూ తినేదే అది.

పాటువేళ:
ఇసుక గురించి చెప్పింది నూటికి నూరు నిజం. వానలూ గాలులూ ఉన్న కాలం గురించి నేనొకటి కలుపుతా. తుఫాను మధ్యలో వెళ్లకండి, అది తగ్గాక నీళ్లు కాస్త మురికిగా ఉన్న రెండు మూడు రోజులు వదలకండి. అడుగు కదిలి తిండి పైకి తేలుతుంది. మురికినీళ్లలో చేప పగలు కూడా ధైర్యంగా ఒడ్డుకొస్తుంది. అప్పుడు మామూలు సీసం నిలవదు, ఇసుకలో దిగబడే తీగ కొక్కేలున్నది కావాలి. 110 గ్రాములు విసరాలంటే రీల్ దారానికి ముందు 40 పౌండ్ల బరువు ఆపే మందపాటి దారం (లీడర్) కట్టండి. సన్న దారం విసురులో తెగితే సీసం తుపాకి గుండులా పోతుంది, ముందున్నవాళ్ల గతేంటి? ఇక ఉరుము వినపడగానే రాడ్ కింద పెట్టి పరుగు తీయాల్సిందే. కార్బన్ రాడ్‌లో కరెంటు పారుతుంది.

చలికాలంలో నీళ్లు బాగా చల్లబడితే చేప తిండి తగ్గిస్తుంది. చిన్న గాలం, చిన్న ముక్క, ఓపిక.

కెరటం:
ఒడ్డుమనిషి గారూ, థ్యాంక్సండీ. తిన్నె తెగిన చోటు అన్నారు, మా బీచ్‌లో ఒకచోట అల విరగకుండా నురుగు లోపలికి లాక్కుపోతుంది. అదేనా?

ఒడ్డుమనిషి:
అదే. చేపకు మంచి దారి, మనిషికి కాదు. ఒడ్డున నిలబడి దాని అంచున వెయ్యండి, నీళ్లలోకి మాత్రం దిగొద్దు. ఇంకెక్కడ దిగినా కాళ్లు ఎత్తి వెయ్యకుండా ఇసుకలో ఈడుస్తూ నడవండి, తోకలో ముల్లుండే టేకు చేప ఉంటే తప్పుకుంటుంది. జెల్లను చేత్తో పట్టకండి, వీపు మీదా రెండు పక్కలా విషపు ముళ్లుంటాయి. పొడిస్తే తట్టుకోగలిగినంత వేడినీళ్లలో, అంటే 45 డిగ్రీలు దాటకుండా, గంటన్నర దాకా ఉంచి డాక్టరుకు చూపించండి. గాలం తియ్యడానికి పొడవాటి పటకారు సంచిలో వేసుకోండి.

పాటువేళ:
పెద్ద రాడ్‌కని పక్కన పెట్టిన డబ్బుంటే ముందు తలకు కట్టుకునే మంచి హెడ్‌లైట్ కొనండి. చీకట్లో ముడి వేసేటప్పుడు తెలుస్తుంది. వెలుగు నీళ్ల మీద మాత్రం పడనివ్వకండి.