ఇంగ్లీషు వాచకాన్ని జట్లుగా చదివిస్తే ఒక్కరే చదువుతున్నారు, ఏం చేయాలి?

ప్రశ్న (ఉపాధ్యాయిని, మహబూబ్‌నగర్ జిల్లా):
ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో ఏడో తరగతికి ఇంగ్లీషు చెబుతున్నాను. తరగతిలో 36 మంది ఉన్నారు. 2022-23లో ఆంగ్ల మాధ్యమంతో పాటు ఒక పక్క తెలుగు, ఎదురు పక్క ఇంగ్లీషు ఉన్న పుస్తకాలు వచ్చాయి కాబట్టి సైన్సు పాఠాన్ని పిల్లలు ఎలాగో గట్టెక్కిస్తున్నారు గాని, ఆ ఆసరా లేని ఇంగ్లీషు వాచకం దగ్గర ఆగిపోతున్నారు. ఆరుగురి చొప్పున జట్లు చేస్తే ప్రతి జట్టులోనూ చదవగలిగిన ఒక్కరే చదువుతారు, మిగిలినవారు గీత మీద వేలు జరుపుతూ కూర్చుంటారు. అందరూ కలిసి చదవమన్నప్పుడు గొంతులు బాగానే లేస్తాయి గాని, దగ్గరకు వెళ్లి చూస్తే కొందరివి పెదవులే కదులుతున్నాయి.

జవాబు 1:
మేడమ్, ఆరుగురు ఎక్కువ. పాఠం అందరి చేతిలోనూ ఉన్నంతకాలం మిగతా ఐదుగురికి నోరు విప్పవలసిన అవసరమే రాదు. అమెరికా మనస్తత్వవేత్త ఎలియట్ ఆరన్సన్ 1971లో టెక్సాస్‌లోని ఆస్టిన్ బడుల్లో మొదలుపెట్టిన జిగ్సా పద్ధతిలో కీలకం ఇదే: పాఠాన్ని నాలుగు ముక్కలు చేసి, నలుగురి జట్టులో ఒక్కొక్కరికి ఒక్కో ముక్క మాత్రమే ఇవ్వాలి. ఒకే ముక్క వచ్చినవారు ముందు ఒకచోట చేరి చదువుకుని, తరువాత తమ జట్టుకు వెళ్లి చెప్పాలి. ఎద్దులను అమ్మడానికి సంతకు వెళ్లిన రైతు వాటిని మళ్లీ ఇంటికి తోలుకొచ్చిన కథను నేను ఇలా పంచాను. ఎందుకు తోలుకొచ్చాడో మూడో ముక్కలో ఉంది. ఎప్పుడూ చివరి బెంచీలో కూర్చునే పిల్లవాడి చేతిలో ఆ ముక్క ఉండడంతో ముగ్గురూ అతని ముఖమే చూశారు. అతను నట్టుతూనే చదివాడు, కానీ చదివాడు.

జవాబు 2:
సార్ చెప్పినది మంచిదే, అయితే అక్షరాలు కూడబలుక్కునే పిల్లల చేతిలో ముక్క పెడితే అది శిక్ష అవుతుంది. తెలుగులో రాసిన ప్రతి అక్షరాన్నీ పలికే అలవాటుతో మా పిల్లలు 'వాక్ట్' (walked)ను 'వాల్కెడ్' అనీ, 'నైట్' (night)ను 'నిగ్ట్' అనీ చదువుతారు. అందువల్ల జట్లు చేసే ముందు నేనొక వాక్యం చదివి, వారిచేత తిరిగి చదివిస్తాను. తరువాత జంటలుగా ఒకరికొకరు చదివి వినిపించుకుంటారు. తప్పులను అక్కడికక్కడ దిద్దకుండా, రాసిపెట్టుకుని చివరలో నల్లబల్ల మీద చూపిస్తాను.

జవాబు 3:
జట్టులో తెలుగు వినిపించిందని పర్యవేక్షణకు వచ్చిన ఒక అధికారి నన్ను మందలించారు. నేను మాత్రం మానలేదు. విద్యా పరిశోధకులు పాలిన్సార్, బ్రౌన్ 1984లో వివరించిన పద్ధతి ప్రకారం తరువాత ఏమవుతుందో ఊహించడం, ప్రశ్న అడగడం, అర్థం కాని చోటు తేల్చుకోవడం, సారం చెప్పడం అనే నాలుగు పనులను నలుగురికీ మార్చి మార్చి ఇస్తాను. చర్చ తెలుగులో సాగవచ్చు, సారం మాత్రం ఇంగ్లీషులో ఒక్క వాక్యమైనా రావాలన్నదే నా నియమం.

ప్రశ్న అడిగినవారు:
గురువారం ముక్కలు కత్తిరించి చూస్తాను. ఒకరిద్దరు బడికి రాకపోతే ముక్క ఖాళీ అవుతుంది కదా?

జవాబు 1:
వచ్చినవారిని లెక్కపెట్టిన తరువాతే జట్లు చేయండి. 34 మంది వస్తే ఎనిమిది జట్లు వేసి, మిగిలిన ఇద్దరినీ రెండు జట్లలో కలపండి. ఆ జట్లలో ఒకే ముక్కను ఇద్దరికివ్వండి. ఆ ఇద్దరిలో ఒకరు తడబడే పిల్లలైతే మరీ మంచిది.