అప్‌డేట్: ఫుల్ థ్రాటిల్‌లోనూ ఆర్‌పీఎం అందని బోటు, ప్రొపెల్లర్ మార్చాక

డాలస్ దగ్గర లేక్ లూయిస్‌విల్‌లో మా 115 హెచ్‌పీ ఔట్‌బోర్డ్ (వెనక బయట బిగించే ఇంజిన్) బోటు, ఇంటిల్లిపాదీ ఎక్కితే 4,800 ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజిన్ తిరిగే చుట్లు) దాటట్లేదని అడిగాను కదా. జవాబిచ్చిన అందరికీ చాలా థ్యాంక్స్.

ప్రొపెల్లర్ పిచ్ (ఒక్క చుట్టుకి లెక్కప్రకారం ఎన్ని అంగుళాలు ముందుకు వెళ్తుందో ఆ కొలత) తగ్గించమన్న సలహానే పనిచేసింది. 19 పిచ్ తీసి 17 అల్యూమినియం ప్రొపెల్లర్ వేయించాం. అదే లోడుతో ఇప్పుడు 5,200. మా ఇంజిన్ మాన్యువల్‌లో ఉన్న 5,000–6,000 మధ్యలో పడింది. పిచ్ ఒక అంగుళం తగ్గిస్తే సుమారు 200 ఆర్‌పీఎం పెరుగుతుందన్న లెక్క సరిగ్గా కుదిరింది. ముక్కు పైకెత్తుకుని ఈడ్చుకుంటూ పోయే బోటు చటుక్కున ప్లేన్ మీదికి వస్తోంది, అంటే పైకి తేలి నీటి మీద జారిపోతోంది. ట్యూబ్ మీద పిల్లల్ని లాగేటప్పుడు ఎంత హాయిగా ఉందో!

ప్రొపెల్లర్ మధ్యలోని హబ్ పట్టు తప్పి జారుతోందేమోనని మెకానిక్ ముందే లోపలి హబ్ నుంచి బయటి బ్యారెల్ దాకా మార్కర్‌తో గీత గీసి నడిపి చూశాడు. గీత కదల్లేదు, అంటే హబ్ జారట్లేదు. స్పార్క్ ప్లగ్‌లు, ఫ్యూయల్ ఫిల్టర్ బాగానే ఉన్నాయి. స్టెయిన్‌లెస్ స్టీల్ ప్రొపెల్లర్ అవసరం రాలేదు.